చిరిగిన జేబు, ముప్ఫై ఏడో సినిమా

మా ఆయన ముప్ఫై ఏడు సినిమాల్లో నటించాడు. మీరు ఒక్కటి కూడా చూసి ఉండరు. నొచ్చుకోకండి, కట్టుకున్నదాన్ని నేనే మొదటినుంచి చివరిదాకా చూసినవి నాలుగు. అవేవీ పెద్ద హాళ్లలో ఆడలేదు, వాటి పోస్టర్లు ఏ గోడ మీదా పడలేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు ఓ కెమెరా అరువు తెచ్చుకుని ఆదివారాలు తీసుకునే సినిమాలవి. వాటిని స్వతంత్ర సినిమాలు అంటారట. ఆ స్వతంత్రం ఎవరికొచ్చిందో గానీ నా ఇంటికైతే రాలేదు. ముప్ఫై ఏడింటిలో పంతొమ్మిది మా ఇంట్లోనే తీశారు. ఇల్లు ఊరికే దొరుకుతుంది, టీ ఊరికే దొరుకుతుంది, నా తిట్లు కూడా ఊరికే దొరుకుతాయి.

మా అమ్మాయికి లైబ్రరీలో పుస్తకాల జాబితాలు రాసే ఉద్యోగం. ఆ చేత్తోనే వాళ్ల నాన్న సినిమాలకూ ఒక జాబితా రాసింది. ఏ సంవత్సరం, ఎవరు తీశారు, ఏం వేషం, తెర మీద ఎన్ని నిమిషాలు, అన్నీ. మొదటి ముప్ఫై ఆరు సినిమాలూ కలిపి ఆయన కనిపించింది గంటా పదకొండు నిమిషాలు. తొమ్మిదింటిలో చచ్చిపోయాడు. ఇంకో ఆరింటిలో సినిమా మొదలయ్యేసరికే చచ్చిపోయి ఉన్నాడు. రెండింటిలో గోడ మీద ఫోటో. ఒకదాంట్లో ఫోన్లో గొంతు మాత్రమే, అదీ "రాంగ్ నంబరండీ" అనడానికి.

జాబితాలో సినిమాల పేర్లు ఉన్నాయి గానీ నాకు ఒక్కటీ నోరు తిరగదు. నా గుర్తులు నాకున్నాయి. కుక్కర్ మాడిన సినిమా. పరుపు తడిసిన సినిమా. పక్కింటావిడ పోలీసులకు ఫోన్ చేసిన సినిమా. ఆ చివరిదాంట్లో మా ఆయన్ని ఎవరో కత్తితో పొడుస్తారు. గాలి ఆడట్లేదని కిటికీలన్నీ బార్లా తెరిచి మరీ అరిచాడు మహానుభావుడు. వచ్చిన పోలీసుకు కూడా నేనే టీ పెట్టాను.

నటన ఆయన ఆదివారాల పని. మిగతా ఆరు రోజులూ లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లో సగం మందిని పైకి పంపింది మా ఆయనే, క్షేమంగా కిందికి దించిందీ ఆయనే. పద్దెనిమిదేళ్ల కిందట ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల ముగ్గురు కాలేజీ పిల్లలు, వాళ్ల చేతిలో కెమెరా. ఈయన తలుపుని జానెడు మేర తెరిచి, ఆ సందులో మొహం పెట్టి, టార్చి వేసి, "కంగారు పడకండి బాబూ, ముందు ఊపిరి తీసుకోండి" అన్నాడట. లోపలున్నవాళ్లలో ఒకడు కెమెరా ఆపలేదు. వారం తర్వాత ఫోన్ చేశారు.

"నా మొహం కావాలంటున్నారే," అన్నాడు ఆయన ఫోన్ చేత్తో మూసి, నోరెళ్లబెట్టి.

"ఇచ్చేసి రండి. ఇంట్లో దాంతో పెద్ద పనేం లేదు," అన్నాను నేను. అప్పుడే గట్టిగా వద్దని ఉంటే నా పరుపు బతికేది.

అలా మొదలయింది. ఒకసారి శవం వేషం వేసి, తెల్ల దుప్పటి కింద హాయిగా నిద్రపోయి గురక పెట్టాడు. చుట్టూ ఏడుస్తున్నవాళ్లు పకపకా నవ్వారు. ఇంకోసారి జడ్జి వేషం. మాట ఒక్కటే, "వాయిదా" అని. ఆ ఒక్క మాటని వారం రోజులు సాధన చేశాడు. టీ తాగుతారా అంటే వాయిదా. గ్యాస్ అయిపోయింది, వెళ్లి తెస్తారా అంటే వాయిదా. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నేను మాత్రం మొదటిరోజే తేల్చి చెప్పాను. నా ఇల్లు వాడుకోండి, నా గిన్నెలు వాడుకోండి, నన్ను మాత్రం కెమెరా ముందుకు రమ్మనొద్దు అని. రెండుసార్లు పక్కింటావిడ వేషానికి అడిగారు. రెండుసార్లూ నా చేతిలో కత్తెర చూసి వెళ్లిపోయారు.

కత్తెర ఎందుకంటే, నాది ముందు గదిలో కుట్టు పని. కొత్త బట్టలు కుట్టను. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, జిప్పులు మార్చడం, చిరుగులు కనపడకుండా కుట్టడం. ముప్ఫై అయిదేళ్ల చెయ్యి. నేను కుట్టిన చిరుగు ఎక్కడుందో చూపించమంటే చొక్కా సొంతదారే వెతుక్కోవాలి.

ఒకసారి అడిగాను ఆయన్ని, ఎందుకండీ ఈ అవస్థ, ఆదివారం పూట కాళ్లు చాపుకుని కూర్చోవచ్చుగా అని. ఆయన స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టాడు. "లిఫ్టు బాగున్నంతకాలం మెకానిక్ ఎవరికీ గుర్తురాడే. ఆగిపోతేనే పిలుస్తారు. అప్పుడు కూడా తిట్టడానికే. సినిమావాళ్లు మాత్రం ఏమీ పాడవకుండానే పిలిచి, నా మొహం వైపు చూస్తారు," అన్నాడు. నేను లేచి వెళ్లి మిషను తొక్కాను.

ఇక ముప్ఫై ఏడో సినిమా. దాన్ని తీసింది ఒక ఆడపిల్ల. వారమంతా రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, ఆదివారం డైరెక్టరు. గొంతు పెగలదు, కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి సారీ చెబుతుంది. మేం డైరెక్టరమ్మ అంటాం. ఆమె వెంట ఉండే కెమెరా అతన్ని గొడుగు అంటాం. ఎండైనా వానైనా గొడుగు కెమెరాకే పడతాడు, తను మాడిపోతాడు.

ఆ పిల్ల మా ముందు గదిలో, కుట్టాల్సిన ప్యాంట్ల గుట్టకీ కుట్టేసిన ప్యాంట్ల గుట్టకీ మధ్య, కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పింది. "అంకుల్, ఈ సినిమాలో మొదటి సీను నుంచి చివరి సీను దాకా మీరే ఉంటారు."

మా ఆయన లేచి వంటగదిలోకి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చాడు. "ఎప్పుడు చచ్చిపోవాలమ్మా?" అని అడిగాడు.

"మీరు చచ్చిపోరు అంకుల్. మీ భార్య చనిపోతుంది."

"అయితే సరే," అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో వేడి ఇస్త్రీపెట్టె ఉంది. ఆ మనిషి ఎంత ఆనందంలో ఉన్నాడంటే అది కూడా చూసుకోలేదు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో రెండేళ్లు పోతే నిచ్చెన ఎక్కలేడు, ఆదివారమంతా నిలబడనూ లేడు. "ఇదొక్కటి పూర్తయితే చాలే. ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా ఉంటే చాలు," అని ఆ రోజునుంచీ ఒకటే పాట. మా అమ్మాయి తన జాబితాలో ముప్ఫై ఏడో నంబరు వేసి, ఎదురుగా ఖాళీ వదిలిపెట్టింది. ఊళ్లో ఇలాంటి సినిమాలు వేసి చూపించే ఫిల్మ్ క్లబ్బువాళ్లు కూడా మాటిచ్చారు, సినిమా పూర్తయితే ఒక సాయంత్రం ఆయన కోసమే పెడతామని. పాత సినిమాల్లోంచి ముక్కలు, ఆ తర్వాత ఇది. పూర్తికాకపోతే ఏ సాయంత్రమూ లేదు. ముక్కలు చూడ్డానికి ఎవరొస్తారు?

సినిమా ఒక పాత లిఫ్టు నడిపే మనిషి గురించి. మడతల ఇనప తలుపు ఉన్న లిఫ్టు, ఊళ్లో అలాంటిది అదొక్కటే మిగిలింది. దాన్ని ఊడదీసి కొత్తది పెడతామని బిల్డింగువాళ్లు ముందే చెప్పారు. అందుకని లిఫ్టు సీన్లన్నీ ముందే తీశారు. పద్నాలుగు ఆదివారాలు పట్టింది. ఆఖరి షాటు అయిన మర్నాడు, సోమవారం, ఆ లిఫ్టుని ఊడదీయడానికి కంపెనీవాళ్లు ఎవర్ని పంపారనుకున్నారు? ఇంకెవర్ని, మా ఆయన్నే. తను హీరోగా నిలబడిన చోటుని తనే స్పానరు పెట్టి ఊడదీసి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చాడు.

ఇక్కడ వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ సినిమాల్లో బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కథలో ఒకే రోజు జరిగేదాన్ని నాలుగు నెలల ఆదివారాల్లో తీస్తారు కాబట్టి, మొదటి ఆదివారం చొక్కా ఎలా ఉందో చివరి ఆదివారం కూడా అలాగే ఉండాలి. ముడతతో సహా, మరకతో సహా. దాన్ని కంటిన్యుటీ అంటారు. మా తలుపు వెనక మేకుకి ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది, దాని మీద మా అమ్మాయి పెద్ద అక్షరాలతో "ఉతకొద్దు" అని రాసింది. ఈసారి సంచిలో ఉన్నది నీలం గళ్ల చొక్కా. ఎడమ జేబు ఒక పక్క ఊడి, కుక్క చెవిలా వేలాడుతుంటుంది. మూడో గుండీ దగ్గర టీ మరక.

కొన్ని ఆదివారాలు ఆయన ఆ చొక్కాతోనే బస్సెక్కి వచ్చేసేవాడు. అదే కొంప ముంచింది. లిఫ్టు ఊడదీసిన వారమే, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని నవ్వాడు. "మీ ఆయన్ని బస్సులో చూశానమ్మా. జేబు వేలాడుతోంది. ఊరందరి చిరుగులూ కుడతారు, ఇంట్లో మనిషిని మాత్రం అలా వదిలేశారే?"

ఒళ్లు మండిపోయింది. ఆ హెడ్మాస్టరు ప్యాంటు ఒక అంగుళం ఎక్కువ కత్తిరిద్దామన్నంత కోపం వచ్చింది గానీ తమాయించుకున్నాను. ఆయన గుమ్మం దాటగానే సంచి లాగాను. తెలియక చేశానని అందరికీ చెప్పాను గానీ, మీ దగ్గర దాపరికం ఎందుకు? "ఉతకొద్దు" అన్న అక్షరాలు నాకు బాగానే కనపడ్డాయి. లిఫ్టే లేదు కదా, ఇంక సినిమా ఏముంటుంది, అయిపోయే ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

కుట్టాను. ఊరికే కుట్టానా! చొక్కా లోపలి మడతలోంచి చిన్న ముక్క తీసి వెనక అతుకు వేశాను. గళ్లకి గళ్లు కలిపాను. వేలాడే పోగులు కత్తిరించాను. నిమ్మకాయ రుద్ది టీ మరక వదలగొట్టాను, ఉతికి, ఇస్త్రీ చేసి, మా ఆయన రాగానే కనపడేలా ముందు గదిలో హ్యాంగరుకి తగిలించాను. నా జన్మలో అంత బాగా ఇంకే చిరుగూ కుట్టలేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు. పనిముట్ల పెట్టె కింద పెట్టాడు. చొక్కా చూశాడు. వేలితో జేబు అంచు తడిమాడు.

"ఇంట్లో సీన్లు ఇంకా మూడు ఆదివారాలు ఉన్నాయే," అన్నాడు మెల్లగా. "స్నానం చేసొస్తాను."

గంటసేపు నీళ్ల చప్పుడే వినపడింది.

మర్నాడు డైరెక్టరమ్మ, గొడుగు పరిగెత్తుకొచ్చారు. మళ్లీ చింపేస్తే పోలా అన్నాను. నేనే కుట్టాను, నేనే విప్పుతాను, ఎంతసేపు? విప్పాను. కానీ పోగులు కత్తిరించేశాను కదా, పాత చిరుగు రావట్లేదు. ఆ పిల్ల ఫోన్లో పాత చొక్కా ఫోటో పెట్టుకుని, దాన్ని చూస్తూ చింపబోయాను. ముప్ఫై అయిదేళ్లు కుట్టిన చేతికి చింపడం రాదండీ! లాగితే గళ్ల వెంబడి గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. గొడుగు ప్రయత్నించాడు, గుండీ ఊడొచ్చింది. టీ మరక కోసం మూడు రకాల టీ పెట్టాం. ఒకటి ఎర్రగా వచ్చింది, ఒకటి పచ్చగా వచ్చింది, మూడోది బాగుందని అందరం తాగేశాం. చివరికి నలుగురం టేబులు చుట్టూ కూర్చుని ఆ చొక్కా వంక బిక్కమొహాలు వేసుకుని చూశాం.

"జేబు మీద దగ్గర షాట్లు చాలా ఉన్నాయి ఆంటీ," అంది ఆ పిల్ల, ఏదో తనే తప్పు చేసినట్టు. "లిఫ్టులో ఒకలాగ, ఇంట్లో ఒకలాగ ఉంటే తెలిసిపోతుంది. లిఫ్టు సీన్లు మళ్లీ తీద్దామంటే లిఫ్టు లేదు. సారీ ఆంటీ."

మా ఆయన నవ్వాడు. "పోనీలేమ్మా. ముప్ఫై ఆరు ఉన్నాయిగా," అన్నాడు. వాళ్లిద్దర్నీ బస్‌స్టాపు దాకా దిగబెట్టి వచ్చాడు.

అప్పటినుంచీ ఆయన మామూలుగానే ఉన్నాడు. అదే నన్ను చంపింది. పెట్టింది తిన్నాడు, మాడిపోయిన కూరని కూడా బాగుందన్నాడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా గడ్డం గీసుకుని, వెళ్లాల్సిన చోటేదీ లేక, కిటికీ దగ్గర కూర్చున్నాడు. నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇంక నావల్ల కాలేదు.

"తిట్టండి," అన్నాను.

"దేనికి?"

"మీ సినిమా నాశనం చేశాను కదా, తిట్టండి! నోరు లేదా మీకు?"

"నువ్వు నా చొక్కా కుట్టావు," అన్నాడు. "అందుకు తిడతారా ఎవరైనా?"

నేను ముందు గదిలోకి వెళ్లి, ఎవరిదో ప్యాంటు కాలులో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఎవరిదో కూడా చూడలేదు. తర్వాత ఆ కాలు ఇస్త్రీ చేసేశాను.

కళ్లు తుడుచుకుని డైరెక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఏమ్మా, ఆ కథేంటో నాకు మొదటినుంచి చెప్పు," అన్నాను. పద్దెనిమిదేళ్లలో ఒక సినిమా కథ చెప్పమని నేను అడగడం అదే మొదటిసారి. ఆ పిల్ల చెప్పింది. లిఫ్టు నడిపే ముసలాయన. భార్య పోయిందని కబురొచ్చినరోజు పరిగెత్తబోతే జేబు తలుపులో ఇరుక్కుని చిరుగుతుంది. ఆ జేబుని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఎనిమిది నెలలు అలాగే తిరుగుతాడు. చివరికి లిఫ్టు కూడా తీసేస్తారు, ఇంటికొచ్చి తనే కుట్టుకుందామని కూర్చుంటాడు, సూదిలో దారం ఎక్కించలేకపోతాడు. అంతే, అయిపోయింది.

"ఏడిసినట్టుంది!" అన్నాను. ఆపుకోలేకపోయాను. "ఎనిమిది నెలలు మొగుడు చిరిగిన జేబుతో ఊరంతా తిరుగుతుంటే ఆ పోయినావిడ చూస్తూ ఊరుకుంటుందా? నేనైతే పైనుంచి దిగొచ్చి మరీ కుట్టి పోతాను!"

అవతల పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు.

"ఆంటీ," అంది ఆ పిల్ల, "ఇప్పుడన్నది మళ్లీ అనండి."

తర్వాతి ఆదివారం అందరూ మా ఇంట్లో దిగారు. కొత్త సీను ఇది: ముసలాయన మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తాడు, కలలో పోయిన భార్య వచ్చి జేబు కుట్టి వెళ్తుంది, ఆయన లేచి చూస్తే జేబు బాగైపోయి, టీ మరక కూడా పోయి ఉంటుంది. కుట్టిన జేబుతోనే మిగతా సీన్లన్నీ. చిరుగు నా చేతుల కింద ఉంటుంది కాబట్టి, అది ఏ ఆకారంలో ఉందో ఎవరికీ కనపడదు. అంతా బాగానే ఉంది. ఆ పోయిన భార్య ఎవరు అనే దగ్గరే పేచీ. అందరూ నా వైపు చూశారు. నేను కత్తెర కోసం చూశాను. మా అమ్మాయి ముందే దాచేసింది.

"ఊరికే సూది పట్టుకునేవాళ్లైతే కనిపెట్టేస్తారు ఆంటీ," అన్నాడు గొడుగు. "కెమెరా మీ చేతుల మీదే ఉంటుంది. మొహం కనపడదు. ఒట్టు."

"నేను బతికుండగా నన్ను చంపేస్తారా?" అని గొణిగాను గానీ కుర్చీ దగ్గరికి వెళ్లాను. పాడుచేసింది నేను, కాదనే మొహం ఎక్కడుంది? ఇంట్లో బట్టలే, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. తీయబోతే ఆ పిల్ల వద్దంది.

చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది. ఒంటి మీద ఉన్న బట్ట కుట్టడం తేలికేం కాదు. ఎడమచేయి జేబులోకి దూర్చి వేళ్లు అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే సూది మనిషిలోకి దిగుతుంది. నా వేళ్ల వెనక ఆయన గుండె టకటకా కొట్టుకుంటోంది. గళ్లు కలుపుకుంటూ కుట్టడం మొదలుపెట్టాను. మొదట్లో అందరూ ఉన్నారని ఒళ్లంతా బిగుసుకుపోయింది. పది కుట్లు పడ్డాక వాళ్లంతా ఏమయ్యారో నాకు తెలియదు. చొక్కా ఉంది, సూది ఉంది. ఆయన రొమ్ము మరీ ఎగిరెగిరి పడుతుంటే, "ఊపిరి బిగబట్టండి, గుచ్చుకుంటుంది," అన్నాను. మాటలు వద్దని చెప్పారు, మరిచేపోయాను. చివరి ముడి వేసి, వంగి దారం పంటితో కొరికి, గిరాకీలకి చేసినట్టే జేబు మీద రెండుసార్లు తట్టాను.

డైరెక్టరమ్మ కట్ చెప్పాల్సింది, చెప్పలేదు. ముక్కు ఎగబీలుస్తోంది.

"అయిందా?" అన్నాను. "స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను."

పాలు పొంగిపోయాయి. మా అమ్మాయి జాబితాలో దీనికి ఏ పేరు రాసిందో గానీ నాకిది పాలు పొంగిన సినిమా.

మూడు నెలల తర్వాత ఫిల్మ్ క్లబ్బువాళ్లు మాట నిలబెట్టుకున్నారు. సైకిళ్ల షాపు పైన ఒక పొడుగాటి గది, యాభై ప్లాస్టిక్ కుర్చీలు, ముందు ఒక తెర. మా అమ్మాయి జాబితాని అచ్చు వేయించి కుర్చీకొకటి పెట్టింది. ముప్ఫై ఏడో నంబరుకు ఎదురుగా "తొంభై నాలుగు నిమిషాలు" అని ఉంది. మా ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ముందు పాత ముక్కలు వేశారు. ఆయన చచ్చినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. గురక పెట్టిన శవానికి ఈలలు వేశారు. నేనూ తెర మీద కనపడబోతున్నానన్న సంగతి మరిచిపోయి నవ్వాను.

తర్వాత అసలు సినిమా. లిఫ్టు ఎక్కుతోంది, దిగుతోంది. మా ఆయన మొహం ఎంత పెద్దగా ఉందో, అంత పెద్ద మొహం చూసి నాకు బిడియమేసింది. చివర్లో ఆ కుర్చీ వచ్చింది. నా చేతులు ఎలా ఉన్నాయో, గోళ్లు కత్తిరించుకున్నానో లేదో అని సర్దుకుని కూర్చున్నాను.

చేతులు ఎక్కడున్నాయి? తెర కింద ఓ మూలన, మసగ్గా, నా వేళ్లు రెండు. నా తల వెనక భాగం కొంచెం. గొడుగు ఒట్టు గట్టు మీద పెట్టేశాడు. తెరంతా మా ఆయన మొహమే. నేను కుడుతున్నంతసేపు ఆయన జేబు వైపు చూడట్లేదు, కెమెరా వైపు చూడట్లేదు, నన్ను చూస్తున్నాడు. నా పాపిట్లో నెరిసిన జుట్టుని, నా నుదుటిని, కళ్లజోడు జారితే భుజంతో ఎగదోసుకోవడాన్ని. ఎక్కడికో వెళ్లిపోయిన మనిషి తిరిగొచ్చి కాసేపు కూర్చుంటే, మళ్లీ వెళ్లిపోతుందని తెలిసి చూస్తారే, అలా చూస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టండి అనగానే పిల్లాడిలా బిగబట్టాడు. హాల్లో నవ్వారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కళ్లకి అడుగు దూరంలో ఉండి నేను దారం కొరుకుతున్నాను. ముప్ఫై రెండేళ్లయింది మా పెళ్లయి. ఆయన నన్ను అలా చూడటం నేను చూడ్డం అదే మొదటిసారి, అదీ యాభై మందితో కలిసి.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మోచేత్తో ఆయన డొక్కలో పొడిచాను.

"ఇంట్లో ఒక్కరోజైనా ఇలా చూశారా నన్ను?" అన్నాను గుసగుసగా.

"రోజూ చూస్తూనే ఉంటాను," అన్నాడు ఆయన, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే. "నువ్వు తలెత్తవు."

వెనకనుంచి ఎవరో "ష్" అన్నారు. నేను నోరు మూసుకుని, కుర్చీలో ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. తెర వెలుతురు ఆయన మొహం మీద పడుతోంది. సినిమా అయిపోయి లైట్లు వేసేదాకా అటే చూశాను. ఆ సినిమా చివర్లో ఏమవుతుందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మా అమ్మాయిని అడగమంటాను.